అడవి, నేల, నీరు చదవాలంటే ఏ కళాశాలలో చేరాలి?



ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం రోజుల్లో మన హాస్టళ్ళ వరండాల్లో ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది. "అన్నా, బైపీసీ అయిపోయింది. డాక్టర్ సీటు వచ్చేలా లేదు. ఇంకేం చెయ్యాల?" ఎక్కువమందికి దొరికే జవాబు కూడా ఒకటే: "దగ్గర్లో ఏదో ఒక డిగ్రీ కాలేజీలో చేరు, తర్వాత చూద్దాం." ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు గడిచిపోతాయి. ఉద్యోగ ప్రకటన వస్తుంది. అందులో "ఈ క్రింది సబ్జెక్టులు చదివినవారు మాత్రమే అర్హులు" అన్న వాక్యం దగ్గర మన పిల్లలు ఆగిపోతారు. తెలివి తక్కువై కాదు, చేరే రోజున చెప్పేవాళ్ళు లేక.

అందుకని ఈ సంచికలో ఒక్క చదువు గురించే వివరంగా రాస్తున్నాను. అడవిని, నేలను, నీటిని, వాటిని నమ్ముకుని బతికే జీవరాశిని కాపాడుకోవడం నేర్పే డిగ్రీ చదువు. అమెరికా, కెనడా దేశాల్లో దీనికి "సహజ వనరుల సంరక్షణ" అనే పేరుతోనే డిగ్రీలున్నాయి. మన దగ్గర ఆ పేరు బోర్డు మీద వెతికితే దొరకడం కష్టం. ఇక్కడ అదే చదువు ముక్కలు ముక్కలుగా ఫారెస్ట్రీ, వ్యవసాయం, ఉద్యానం, మత్స్యశాస్త్రం, వ్యవసాయ ఇంజనీరింగు, పర్యావరణ శాస్త్రం, వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం అనే పేర్లతో వేర్వేరు కళాశాలల్లో ఉంది. కనుక మొదట తేల్చుకోవలసింది కళాశాల పేరు కాదు. ఈ ముక్కల్లో మీకు ఏది కావాలన్నది.

సోమశిల కట్ట మీద నిలబడితే

ఇది తేల్చుకోవడానికి పుస్తకం అక్కరలేదు. ఒక సెలవు రోజు సోమశిల ప్రాజెక్టు దగ్గరకు పోయి చూడండి చాలు. పెన్నానది వెలిగొండలను చీల్చుకుని మైదానంలోకి దిగే చోట కట్టిన ఆనకట్ట అది. 1970వ దశకంలో పని మొదలై 1989 నాటికి పూర్తయింది. నిల్వ సామర్థ్యం 78 టి.ఎం.సి.లు. ఈ నీరే కండలేరుకు, అక్కడినుంచి తెలుగుగంగ కాలువ ద్వారా చెన్నై నగరానికి కూడా పోతుంది. 1983లో మొదలైన తెలుగుగంగ పథకం నీళ్ళు 1996లో తమిళనాడుకు చేరాయి. ఈ జలాశయం కోసం కడప జిల్లా వైపు ఎన్నో పల్లెలు మునిగిపోయాయన్న సంగతి మన పెద్దలకు తెలుసు.

కొండల మీద చెట్టు పలచబడితే వానకు మట్టి కొట్టుకొచ్చి జలాశయం అడుగున చేరుతుంది. ఒకసారి చేరిన పూడిక తియ్యడం దాదాపు అసాధ్యం. అంటే కాగితం మీద 78 టి.ఎం.సి.లు ఉన్నా, నిజంగా పట్టే నీరు ఏటేటా తగ్గుతూ పోతుంది. ఎక్కడో అట్లూరు, నందలూరు వైపు వాగు గట్టున కూలిన మట్టికీ నెల్లూరు డెల్టా రైతు రెండో పంటకూ సంబంధం ఉందన్నమాట. ఈ సంబంధాన్ని కొలిచే పని నేల, నీటి సంరక్షణ శాస్త్రానిది. వ్యవసాయ డిగ్రీలోనూ, వ్యవసాయ ఇంజనీరింగులోనూ దీన్ని చదువుతారు.

2021 నవంబరు 19న పెన్నాకు ఉపనది అయిన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. ఊళ్ళు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఆ నీళ్ళన్నీ సోమశిలకే వచ్చి, క్రింద నెల్లూరు దాకా ముంచాయి. వాన ఎంత పడితే, ఎంతసేపట్లో ఏ గేటు దగ్గరకు ఎంత నీరు చేరుతుందో ముందే లెక్క కట్టగలిగినవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారు? ఇది కూడా ఈ చదువులో భాగమే.

ఇంక అడవి సంగతి. సోమశిల, పెంచలకోన చుట్టుపక్కల అడవులు 1997లో ఏర్పడిన పెనుశిల నరసింహ అభయారణ్యంలోకి వస్తాయి. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. వెలిగొండ, పాలకొండ, శేషాచలం, లంకమల కొండల్లో సహజంగా పెరిగే ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా అడవిగా పెరగదు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందంలో దాని పేరు ఉంది. 2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. దాన్ని నరకడానికి కూలికి పోయి జైలుపాలైనవారు పేదవారే, దాన్ని కాపాడుతూ రాత్రిళ్ళు అడవిలో తిరిగే బీటు సిబ్బంది కూడా ఎక్కువగా పేదింటివారే. మధ్యలో లాభం తిన్నవారు అడవి మొహం చూడరు. ఇది పాఠ్యపుస్తకంలో ఉండదు గానీ ఈ చదువుకు పోయేవాళ్ళకు తెలిసి ఉండాలి.

లంకమలలో కలివికోడి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1848లో జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుడు ఆ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దొరకబట్టడానికి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారికి దారి చూపింది స్థానికంగా పిట్టలు పట్టుకునేవారే. 1988లో దానికోసం లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ పనులు ఆ పక్షి తిరిగే పొదల మీదికి వస్తే కాలువ దారినే మార్చవలసి వచ్చింది. నీళ్ళు కావాలా, పిట్ట కావాలా అని వాదించుకునే చోట రెండూ ఎలా దక్కించుకోవచ్చో చెప్పగలిగేవాడే చదువుకున్నవాడు. మన ప్రాంతపు యానాది పెద్దలకు ఏ పొద ఏ నెలలో కాస్తుందో, ఏ వేరు దేనికి పనికొస్తుందో తెలుసు. ఆ ఇంటి పిల్లలు వృక్షశాస్త్రం క్లాసులో వెనక బెంచీలో కూర్చోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. లాటిన్ పేరు ఒక్కటే వాళ్ళు కొత్తగా నేర్చుకోవలసింది.

ఉదయగిరి సంగతి చూడండి. అక్కడి చెక్క గరిటెలు, స్పూన్లు భౌగోళిక గుర్తింపు పొందాయి. నర్ది, బిక్కి వంటి అడవి కర్రతో చేస్తారు. అడవి నుంచి కర్ర తేవద్దంటే ఆ పనివాళ్ళ పొయ్యి వెలగదు. ఇష్టమొచ్చినట్టు తెమ్మంటే పదేళ్ళలో కర్ర ఉండదు. ఏ వయసు కొమ్మ ఎంత కొట్టవచ్చు, మళ్ళీ ఎన్నేళ్ళకు ఎదుగుతుంది అన్న లెక్క ఫారెస్ట్రీ చదివినవారు వెయ్యగలరు.

నీటి విషయంలోనైతే మన జిల్లాకు ఒక చేదు చరిత్ర ఉంది. తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకరపోయే జబ్బును మన దేశంలో మొదటిసారి గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. మెట్ట మండలాల్లో భూగర్భజలం లోతుకు పోయినకొద్దీ ఈ బాధ ఎక్కువవుతుంది. భూగర్భశాస్త్రం, రసాయనశాస్త్రం చదివినవారి అవసరం ఇక్కడుంది.

మన హాస్టల్ గోడ మీద పటంలో ఉన్న అంబేడ్కర్ గారిని రాజ్యాంగ నిర్మాతగానే తలచుకుంటాము. 1927లో మహద్ చెరువు నీళ్ళ కోసం పోరాడిన ఆయనే, 1942-46 మధ్య వైస్రాయి మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉండి, దామోదర్ లోయ పథకానికి రూపమిచ్చారు. నది పుట్టినచోటి నుంచి కలిసేచోటి దాకా ఒకే వ్యవస్థగా చూడాలన్న ఆలోచన ఆ పథకంలో ఉంది. వనరుల చదువు మనకు పరాయిదేమీ కాదని చెప్పడానికే ఈ మాట.

ఏ చదువు ఎక్కడ?

నాలుగేళ్ళ బి.ఎస్సీ. ఫారెస్ట్రీ కావాలనుకుంటే దారి కొంచెం దూరం. మన పొరుగున తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర మెట్టుపాలయంలో అటవీ కళాశాల ఉంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది. కర్ణాటకలో శిరసి, పొన్నంపేటలలో, కేరళలో వెల్లానిక్కరలో, ఒడిశాలో భువనేశ్వర్‌లో అటవీ కళాశాలలున్నాయి. హిమాచల్‌లోని సోలన్ దగ్గర నౌణిలో ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయమే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో మెట్టుపాలయం నమూనాగా ఒక అటవీ కళాశాలను మొదలుపెట్టింది. 2019 నుంచి అది సిద్దిపేట జిల్లా ములుగులో నడుస్తోంది. అయితే విభజన చట్టం ప్రకారం ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్ళ గడువు 2024తో తీరిపోయింది. మనవాళ్ళు అక్కడ దరఖాస్తు చేసేముందు స్థానికత నిబంధనలు ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి.

ఇతర రాష్ట్రాల్లోని ప్రభుత్వ అటవీ, వ్యవసాయ కళాశాలల్లో కొన్ని సీట్లు భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎ.ఆర్., జాతీయ స్థాయిలో నింపుతుంది. దీనికి 2023 నుంచి సి.యు.ఇ.టి. పరీక్ష రాయాలి. మనలో చాలామందికి ఎంసెట్ గురించి తెలుసు గానీ ఈ పరీక్ష పేరే తెలియదు. బైపీసీ వాళ్ళూ రాయవచ్చు, ఎంపీసీ వాళ్ళూ రాయవచ్చు. ప్రశ్నపత్రం తెలుగులో కూడా తీసుకోవచ్చు. ఈ కోటాలో సొంత రాష్ట్రం దాటి పోయి చేరినవారికి ఐ.సి.ఎ.ఆర్. జాతీయ ప్రతిభా స్కాలర్‌షిప్ కూడా ఉంది. దూరం అని భయపడకండి. హాస్టల్లో బతకడం మనకు కొత్త కాదు కదా. ఆరో తరగతిలోనే ట్రంకుపెట్టె తీసుకుని వచ్చినవాళ్ళం.

రాష్ట్రం దాటి పోలేమనుకుంటే, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కళాశాలలున్నాయి. 1945లో పెట్టిన బాపట్ల, 1961లో పెట్టిన తిరుపతి పాతవి. మహానంది, నైర, రాజమహేంద్రవరం తర్వాత వచ్చాయి. 2022లో మన ఉదయగిరికే వ్యవసాయ కళాశాల వచ్చింది. ఇల్లు దగ్గరన్న ఒక్క కారణంతో ఉదయగిరిని ఎన్నుకోమని నేను చెప్పను. పాత కళాశాలల్లో ప్రయోగశాలలు, పరిశోధన క్షేత్రాలు, సీనియర్ల అనుబంధం ఎక్కువ. కానీ మెట్ట సేద్యం, చెరువుల కింద సేద్యం, నీటి ఎద్దడి చదవాలంటే ఉదయగిరి చుట్టుపక్కల కంటే మంచి పాఠశాల ఉండదు. ర్యాంకు రెండింటికీ సరిపోతే రెండు చోట్లకూ వెళ్ళి చూసి రండి.

చేపల మీద, జలాశయాల మీద ఆసక్తి ఉంటే మన జిల్లాలోనే ముత్తుకూరులో 1991 నుంచి మత్స్య కళాశాల ఉంది. నాలుగేళ్ళ బి.ఎఫ్.ఎస్సీ. డిగ్రీ. రొయ్యల చెరువుల ఉద్యోగాలకే ఇది అనుకుంటారు గానీ, సోమశిల వంటి జలాశయాల్లో ఏ చేపపిల్ల ఎప్పుడు వదలాలి, ఎంత పట్టాలి అన్నదీ ఈ శాస్త్రమే. ఉద్యాన చదువుకు వెంకటరామన్నగూడెంలోని విశ్వవిద్యాలయం, రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేటలో దాని కళాశాల ఉన్నాయి. ఎంపీసీ చదివినవారికి బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉంది. వాటర్‌షెడ్ పనులు, చెక్‌డ్యాములు, బిందు సేద్యం అన్నీ అందులోకి వస్తాయి. పదో తరగతితోనే మార్గం వెతుక్కునేవారికి పొదలకూరులో వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది, డిప్లొమా రెండేళ్ళు.

ఇవేవీ కుదరకపోతే నెల్లూరులోని డి.కె. ప్రభుత్వ మహిళా కళాశాల వంటి చోట గాని, మరో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో గాని మామూలు బి.ఎస్సీ. చదవవచ్చు. తక్కువేమీ కాదు. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. అందరూ జాగ్రత్తగా చదవండి.

సబ్జెక్టు పేరు దగ్గర జాగ్రత్త

భారత అటవీ సర్వీసు పరీక్షకు, అంటే యు.పి.ఎస్.సి. నిర్వహించే ఐ.ఎఫ్.ఎస్.కు, ఏ డిగ్రీ అయినా సరిపోదు. పశుసంవర్ధక, పశువైద్యశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం, జంతుశాస్త్రం వీటిలో కనీసం ఒక సబ్జెక్టుతో డిగ్రీ చదివి ఉండాలి. లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగులలో ఒక డిగ్రీ ఉండాలి. ఈ జాబితాలో "పర్యావరణ శాస్త్రం" లేదు! అడవుల ఉద్యోగానికి పర్యావరణమే సరైన చదువని ఎవరైనా అనుకుంటారు. నియమావళి అలా అనుకోలేదు. ఇది సబబా కాదా అన్న చర్చ వేరు. ఉన్నది ఉన్నట్టు తెలుసుకుని చేరడం మన పని.

పాత పద్ధతిలో మూడు సబ్జెక్టులు కలిపి చదివేవారు కాబట్టి పర్యావరణంతోపాటు వృక్షశాస్త్రమో రసాయనశాస్త్రమో ఉండి గండం గడిచేది. 2023-24లో మన రాష్ట్రంలో ఒకే మేజర్ సబ్జెక్టు, దానికి తోడు ఒక మైనర్ అనే పద్ధతి వచ్చింది. డిగ్రీ నిబంధనలు తరచుగా మారుతున్నాయి. మీరు చేరే సంవత్సరం ఏ పద్ధతి ఉన్నదో కళాశాలలో అడిగి, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రంలలో ఒకటి మేజర్‌గా ఉండేటట్టు చూసుకోండి. పర్యావరణాన్ని మైనర్‌గానో, తర్వాత ఎం.ఎస్సీ.లోనో చదువుకోవచ్చు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో ఆ అవకాశముంది. ఉత్తరాదికి పోగలిగితే డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ ఉంది. 1878లో అటవీ పాఠశాలగా మొదలైన ప్రాంగణం అది.

రాష్ట్ర ఉద్యోగాల సంగతికి వస్తే, బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ చాలు. సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులకు నిర్దేశించిన సబ్జెక్టులతో డిగ్రీ ఉండాలి. ఆ జాబితా ఐ.ఎఫ్.ఎస్. జాబితాలాంటిదే గానీ అచ్చంగా అదే కాదు. ఏ.పి.పి.ఎస్.సి. పాత నోటిఫికేషన్ ఒకటి సంపాదించి, ఇంటర్‌లో ఉండగానే ఆ పేజీ చదవండి. శారీరక ప్రమాణాలు కూడా అందులోనే ఉంటాయి. పురుషులకు 163 సెంటీమీటర్లు, స్త్రీలకు 150 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి, గిరిజన అభ్యర్థులకు సడలింపు ఉంది. పురుషులు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి, స్త్రీలకు దూరం తక్కువ. ఆత్మకూరు నుంచి సోమశిల రోడ్డు మీద నడక సాధన చేసుకోవడానికి ఫీజు కట్టనక్కరలేదు.

2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు వ్యవసాయ, ఉద్యాన, మత్స్య సహాయకుల పోస్టులు కూడా పుట్టాయి. వాటికి ఆయా శాస్త్రాల్లో డిగ్రీ గాని డిప్లొమా గాని చదివినవారినే తీసుకున్నారు. సబ్జెక్టు పేరు ఎంత ముఖ్యమో దీన్నిబట్టి కూడా అర్థమవుతుంది.

గుర్తింపు ఉన్నదా?

ఫారెస్ట్రీ, వ్యవసాయం, ఉద్యానం, మత్స్యం వంటి కోర్సుల్లో చేరేముందు అడగవలసిన మొదటి ప్రశ్న: "ఈ కళాశాలకు ఐ.సి.ఎ.ఆర్. అక్రిడిటేషన్ ఉందా?" కొన్ని ప్రైవేటు సంస్థలు బి.ఎస్సీ. అగ్రికల్చర్ అని పెద్ద బోర్డు పెడతాయి. యు.జి.సి. గుర్తింపు చూపిస్తాయి. డిగ్రీ చెల్లుతుంది, అది నిజమే. కానీ ఐ.సి.ఎ.ఆర్. అక్రిడిటేషన్ లేని చోట చదివితే ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో పీజీ సీటుకు, కొన్ని ఉద్యోగాలకు తలుపు మూసుకుంటుంది. నాలుగేళ్ళు, లక్షల రూపాయలు పోసిన తర్వాత ఈ సంగతి తెలిస్తే ఏం లాభం? "వస్తుంది, ఈ సంవత్సరం వచ్చేస్తుంది" అని చెప్పే మాటను నమ్మకండి. వచ్చిన కాగితం చూపించమనండి, ఏ తేదీ వరకు చెల్లుతుందో చూడండి. ఐ.సి.ఎ.ఆర్. వెబ్‌సైటులో జాబితా ఉంటుంది, నెట్ సెంటర్‌లో ఐదు నిమిషాల పని. ప్రిన్సిపాల్ గారి ముందు మొహమాటపడితే నష్టపోయేది మనమే.

డబ్బు సంగతి

మన పిల్లల విషయంలో కళాశాలను చివరకు నిర్ణయించేది ఇదే కాబట్టి దాచుకోకుండా మాట్లాడుకుందాం. ఎస్సీ విద్యార్థులకు కుటుంబ వార్షిక ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉంటే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తుంది. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రాదు. "ముందు మేనేజ్‌మెంట్‌లో చేరండి, తర్వాత మార్పిస్తాం" అనే ఏజెంటు మీ ఊరికి వస్తే మంచినీళ్ళిచ్చి పంపించెయ్యండి.

ఇతర రాష్ట్రంలో చేరేవారికి కూడా స్కాలర్‌షిప్ ఇవ్వవలసింది సొంత రాష్ట్రమే. అయితే దాని దరఖాస్తు పద్ధతి వేరు. సీటు వచ్చాక కాదు, ముందే నెల్లూరులో జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి ఏ కళాశాలకు ఎంతవరకు వస్తుందో అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బు ఆలస్యంగా పడుతుందన్నది అందరికీ తెలిసిన విషయం. మొదటి సంవత్సరం పుస్తకాలకు, రైలు ఖర్చులకు, మెస్ అడ్వాన్సుకు చేతిలో కొంత ఉండాలి. ఇక్కడ పూర్వ విద్యార్థులను ఒకటి కోరుతున్నాను. వార్షికోత్సవానికి వచ్చి శాలువాలు కప్పుకునే బదులు, ఆ మొదటి ఆరునెలల ఖర్చు ఒక్కరికి భరించినా చాలు.

వ్యవసాయ కోర్సుల్లో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. పల్లెటూళ్ళో చదివి ఉండాలి, ఇంటి పేరున భూమి ఉండాలి. మన హాస్టళ్ళలో ఎక్కువమంది తల్లిదండ్రులు కూలికి పోయేవారు. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా వాళ్ళు ఉండేది పొలంలోనే, అయినా పట్టాదారు పాసుపుస్తకం లేదు కనుక రైతు కాదు. ఇది న్యాయంగా లేదు. 2025లో తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం కూలీల పిల్లలకు కూడా కొన్ని సీట్లు కేటాయించింది. మన రాష్ట్రంలోనూ అడగవలసిన విషయమే. ఈలోగా, మీ నాయనకు గాని తాతకు గాని ఎప్పుడో ఇచ్చిన డీకేటీ పట్టా ఇంట్లో పెట్టెలో ఉంటే బయటకు తీసి తహసీల్దారు కార్యాలయంలో చూపించండి. అది కోటాకు పనికొస్తుందో లేదో వాళ్ళచేతనే చెప్పించండి. ఊరికే వదిలెయ్యకండి.

విదేశాల్లో ఇదే డిగ్రీ చదవాలని ఎవరికైనా ఆశ ఉంటే మంచిదే. కానీ ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్, పీహెచ్.డి.లకే గాని డిగ్రీకి ఇవ్వరు. ఇక్కడ మంచి కళాశాలలో డిగ్రీ చేసి తర్వాత ప్రయత్నించడం తెలివైన పని. అసలు మన అడవుల చదువు ఆ దేశాలకే దారి చూపింది. 1864లో భారత అటవీ శాఖను మొదలుపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త బ్రాండిస్ దగ్గర సలహాలు తీసుకునే అమెరికా అటవీ శాఖకు మూలపురుషుడైన పించో తన పని మొదలుపెట్టాడు.

కళాశాల చూడటానికి పోయినప్పుడు

భవనం రంగు చూడకండి. నర్సరీ ఎక్కడుందో అడగండి. అందులో మొక్కలకు పేరు చీటీలున్నాయా, నీళ్ళు పోసిన తడి ఉందా చూడండి. హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాల గది, తాళం తీసి చూపించమనండి. ఆ తాళం ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియకపోతే మీకు కావలసిన జవాబు దొరికినట్టే. వ్యవసాయ డిగ్రీలో చివరి సంవత్సరం విద్యార్థులు కొన్ని నెలలు పల్లెల్లో ఉండి రైతులతో పనిచేయాలి, ఫారెస్ట్రీలో అటవీ శాఖతో ఉండాలి. ఎన్ని రోజులు పంపుతారు, ఎక్కడికి పంపుతారు, ఖర్చు ఎవరిది అని అడగండి. ఈ ప్రశ్నలు కార్యాలయంలో కంటే మూడో సంవత్సరం విద్యార్థులను క్యాంటీన్ దగ్గర అడిగితే నిజం తెలుస్తుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి మొదటి సెమిస్టరు కష్టంగానే ఉంటుంది. పాఠాలన్నీ ఆంగ్లంలో. బాగా చదివే పిల్లలు కూడా మొదటి పరీక్షలో తప్పి, మానేసి ఇంటికి వచ్చేద్దామనుకునేది అప్పుడే. ఆ ఆరునెలలు గట్టిగా పట్టుకోండి. వేసవిలో ఇంటర్ వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం పుస్తకాలు ఆంగ్లంలో తెచ్చుకుని పక్కపక్కన పెట్టుకుని చదివితే సగం భయం పోతుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. "అడవుల్లో తిరిగే చదువు మా అమ్మాయికెందుకు సార్?" అని అడుగుతారు. కట్టెలకు, మేతకు, కుంకుళ్ళకు అడవికి పోయింది ఎవరమ్మా మన ఇళ్ళల్లో? బీట్ ఆఫీసర్లుగా, రేంజ్ ఆఫీసర్లుగా మహిళలు పనిచేస్తున్నారు. కళాశాలలో అమ్మాయిల హాస్టల్ ప్రాంగణంలోనే ఉందా, క్షేత్ర పర్యటనకు మహిళా అధ్యాపకులు వెంట వస్తారా అన్నది అడగండి. ఆ రెండింటికీ జవాబు బాగుంటే పంపండి.

చివరగా తేదీల సంగతి. సి.యు.ఇ.టి. దరఖాస్తులు ఇంటర్ పబ్లిక్ పరీక్షలకంటే ముందే వచ్చేస్తాయి, ఫలితాల దాకా ఆగితే ఆ సంవత్సరం పోయినట్టే. ఎంసెట్ ఇప్పుడు ఏపీ ఈఏపీసెట్, 2021లో పేరు మారింది. బైపీసీ వారికి వ్యవసాయ, ఉద్యాన, మత్స్య సీట్ల కౌన్సెలింగ్ ప్రకటన ఇంజనీరింగు వారితో కలిసి రాదు, విడిగా వస్తుంది. దాన్ని పత్రికలో చూస్తూ ఉండాలి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్‌తో జతచేసిన బ్యాంకు ఖాతా జనవరి నాటికే సిద్ధం చేసుకోండి. పేరులో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించండి. స్టడీ సర్టిఫికెట్ల కోసం పాత స్కూళ్ళకు తిరగవలసిన పని ఉన్నవారు సంక్రాంతి సెలవులకు ముందే వార్డెన్ గారితో చెప్పి పర్మిషన్ తీసుకోండి. పండగ తర్వాత హెడ్మాస్టర్లు దొరకరు.